శిస్తు లేని రాజ్యం: లీ జిచెంగ్ తిరుగుబాటు గెలిచిన లెక్క, ఓడిన లెక్క

1640వ దశకం మొదట్లో చైనాలోని హెనాన్ పల్లెల్లో పిల్లలు ఒక పాట పాడుతుండేవారు. చువాంగ్ వాంగ్‌కు తలుపులు తీయండి, చువాంగ్ వాంగ్ వస్తే శిస్తు కట్టక్కర్లేదు అన్నది దాని సారాంశం. ఆ చువాంగ్ వాంగ్ అసలు పేరు లీ జిచెంగ్. ఒకప్పుడు తపాలా అంచెలో గుర్రం మీద ఉత్తరాలు మోసి, ఆ కొలువు పోగొట్టుకున్నవాడు. 1644 ఏప్రిల్ 25న అతని సైన్యం బీజింగ్‌లో అడుగుపెట్టింది. ఆ రోజే మింగ్ చక్రవర్తి చోంగ్‌జెన్ కోట వెనుక గుట్ట మీద ఉరి వేసుకున్నాడు. 276 ఏళ్ల వంశం అలా ముగిసింది. మరో 42 రోజులు తిరక్కుండానే లీ జిచెంగ్ ఆ నగరాన్ని వదిలి పారిపోయాడు. సింహాసనం ఉత్తరాది మంచూల చేతికి పోయింది, 1912 దాకా వాళ్ల దగ్గరే ఉంది.

ఇంత పెద్ద గెలుపు ఇంత త్వరగా ఎలా చేజారిందని అడిగితే ఎక్కువగా వినిపించేది చెన్ యువాన్‌యువాన్ అనే నర్తకి కథ. సరిహద్దు సేనాని వూ సాంగుయ్ ప్రియురాలిని తిరుగుబాటు సేనాని ఒకడు ఎత్తుకెళ్లాడని, ఆ కోపంతో వూ మంచూలకు కోట తలుపులు తెరిచాడని చెబుతారు. కథగా రక్తి కడుతుంది గానీ దానితో అసలు విషయం మరుగున పడుతుంది. ఈ తిరుగుబాటును శిస్తు పుట్టించింది, శిస్తు ఎత్తేస్తామన్న మాట పెంచింది. ఆ మాట ఇచ్చాక సైన్యానికి జీతం ఎక్కడినుంచి తేవాలన్న ప్రశ్నకు సమాధానం దొరక్క కూలింది. 1627 నుంచి 1645 దాకా వరుసగా చూస్తే ప్రతి మలుపులోనూ ఈ లెక్కే కనిపిస్తుంది.

యెనాన్ కొండల్లో కరువు

లీ జిచెంగ్ 1606లో షాన్‌షీ రాష్ట్రం యెనాన్ ప్రాంతంలోని మీజీ తాలూకాలో పుట్టాడు. మావో స్థావరంగా తెలుగు పాఠకులకు తెలిసిన యెనాన్ ఇదే. పసుపు రంగు మెత్తని ధూళిమట్టి కొండలు, వానమీదే ఆధారపడ్డ కొర్రలు, జొన్నల సాగు. నది లోయలు వదిలితే నీటివసతి లేదు. 1627, 1628 సంవత్సరాల్లో అక్కడ వానలు ముఖం చాటేశాయి.

ఆ ప్రాంతంలోనే పుట్టిన మా మావ్‌త్సాయ్ అనే అధికారి 1629లో చక్రవర్తికి పంపిన నివేదిక ఇప్పటికీ నిలిచి ఉంది. అందులో కరువు నెలనెలా ఎలా ముదిరిందో రాశాడు. పంట చేతికి రావాల్సిన నెలల్లో జనం కొండల్లోని అడవి గడ్డి గింజలు ఏరుకు తిన్నారు. అవి ఊకలా ఉండేవి, చేదు. అవి అయిపోయాక చెట్ల బెరడు వలిచారు. అన్నిటిలో కాస్త మింగుడుపడేది ఒక రకం ఎల్మ్ చెట్టు బెరడు. ఏడాది చివరికి బెరడూ మిగల్లేదు. కొండ తవ్వి మెత్తటి రాయి తిన్నారు. కొంచెం తింటే కడుపు నిండినట్టుంటుంది, కొద్ది రోజులకు పొట్ట ఉబ్బి ప్రాణం పోతుంది. రాయి తిని చావడం ఇష్టం లేనివాళ్లు గుంపులు కట్టి దోపిడీకి దిగుతున్నారని ఆయన దాచకుండా రాశాడు.

అదే నివేదికలో ఇంకో మాట ఉంది. చరిత్ర రాసేవాళ్లు బెరడు గురించి చెప్పి దీన్ని తరచూ వదిలేస్తారు, నిజానికి అన్నిటికన్నా ముఖ్యమైనది ఇదే. శిస్తు బాకీ గడప పేరున, ఆ పైన గడపల జట్టు పేరున ఉంటుంది. ఒక ఇంట్లో ఒకరిద్దరే మిగిలితే ఆ ఇంటి మొత్తం బాకీ వాళ్ల నెత్తిన పడుతుంది. జట్టులో ఒకటి రెండు ఇళ్లే మిగిలితే జట్టు మొత్తానిది ఆ ఇళ్లే కట్టాలి. అంటే పక్కింటివాడు ఊరు వదిలిన రోజే నీ శిస్తు పెరుగుతుంది. నువ్వూ వెళ్లిపోతే మిగిలినవాడికి ఇంకా పెరుగుతుంది. కరువు ఒక ఊరిని సగం ఖాళీ చేస్తే, మిగతా సగాన్ని ఈ లెక్క ఖాళీ చేసింది. పోయినవాళ్లు పొరుగు తాలూకాలో దొంగలుగా తేలారు.

1627లో చెంగ్‌చెంగ్ తాలూకాలో వాంగ్ ఎర్ అనే రైతు జనాన్ని పోగుచేసి, కరువులోనూ శిస్తు కోసం పీడిస్తున్న తాలూకా అధికారిని అతని కచేరీలోనే చంపాడు. తొలి నిప్పురవ్వ అదేనని సాధారణంగా చెబుతారు.

అంకె చిన్నదే, దెబ్బ పెద్దది

మింగ్ ఖజానా శిస్తును చాలావరకు వెండిలోకి మార్చేసింది. కొలత లియాంగ్, అంటే సుమారు 37 గ్రాములు, మన మూడు తులాలకు కొంచెం పైన. ఈశాన్యంలో మంచూలతో యుద్ధం మొదలయ్యాక 1618లో భూమి మీద లియావో యుద్ధ పన్ను వేశారు. 1620 నాటికి అది మూకు 9 లీ అయింది. మూ అంటే దాదాపు 16 సెంట్ల నేల. లీ అంటే లియాంగ్‌లో వెయ్యో వంతు. 16 సెంట్లకు గ్రాములో మూడో వంతు వెండి. చూడటానికి ఇదొక భారమా అనిపిస్తుంది.

దెబ్బ ఎక్కడ తగిలిందంటే, ఈ పన్ను నేల సారం చూడలేదు. యాంగ్‌చీ డెల్టాలో ఏడాదికి రెండు పంటలు పండే మాగాణికీ, యెనాన్‌లో వాన పడితేనే గింజ కనిపించే మెట్టకూ మూ లెక్కన ఒకే రేటు. పైగా యెనాన్ రైతు చేతిలో వెండి ఉండదు, గింజలే ఉంటాయి. శిస్తు గడువు పంట చేతికొచ్చిన వెంటనే ఉంటుంది కాబట్టి అందరూ ఒకేసారి అమ్మకానికి పెడతారు, ధర పడిపోతుంది. కొన్ని నెలలు పోయాక తినడానికి అదే గింజను రెట్టింపు ధరకు కొనుక్కోవాలి. చిల్లర వెండి ముక్కలను కరిగించి దిమ్మ పోసేటప్పుడు పోయే తరుగు పేరుతో అధికారులు ఇంకొంత పిండుకునేవారు. ఆ తరుగు ఎంతన్నది తూకం పట్టినవాడి దయ.

ఈ పన్నును 1630 ప్రాంతంలో మూకు 12 లీ చేశారు. తిరుగుబాటును అణచడానికని 1637లో 28 లక్షల లియాంగ్‌ల కొత్త పన్ను, కొత్త సైన్యాల శిక్షణకని 1639లో 73 లక్షల లియాంగ్‌ల మరో పన్ను వచ్చాయి. మూడూ కలిపితే కోటీ 67 లక్షల లియాంగ్‌లు అదనం. దొంగలను పట్టడానికి వేసిన పన్ను కట్టలేక జనం దొంగల్లో కలిసిపోవడం అప్పటి అధికారులకూ తెలియని సంగతి కాదు. అయినా దర్బారుకు ఇంకో దారి తోచలేదు.

ఖర్చు తగ్గించబోయి చేసిన పొదుపు ఇంతకన్నా ఖరీదైనదయింది. 1629లో ల్యూ మావ్ అనే అధికారి సూచనతో తపాలా అంచెలను కుదించారు. ఆ వ్యవస్థలో దుబారా నిజంగానే ఉంది. పెద్దలు సొంత ప్రయాణాలకు సర్కారు గుర్రాలు, కూలీలను వాడుకునేవారు. దీనివల్ల ఏటా సుమారు 6.8 లక్షల లియాంగ్‌లు మిగులుతాయని లెక్క కట్టారు. షాన్‌షీ వంటి చోట భూమి లేనివాడికి అంచె కొలువు కూటికి ఆధారం. పని పోయినవాళ్లు ఎలాంటివాళ్లు? గుర్రపు స్వారీ వచ్చినవాళ్లు, అడ్డదారులన్నీ ఎరిగినవాళ్లు, రాత్రిపూట ప్రయాణానికి అలవాటు పడినవాళ్లు. తిరుగుబాటుకు అశ్వదళాన్ని సర్కారే శిక్షణ ఇచ్చి అప్పగించినట్టయింది. ఆ పని పోయినవాళ్లలో 23 ఏళ్ల లీ జిచెంగ్ ఒకడు.

మూడో మూలం సరిహద్దు దండ్లు. వాటికి నెలల తరబడి జీతాల్లేవు. 1629 చివర్లో మంచూలు చైనా మహాకుడ్యం, అంటే ఉత్తర సరిహద్దు గోడ, దాటి బీజింగ్ దగ్గరికి వచ్చినప్పుడు నలుమూలల నుంచి సైన్యాలను పిలిపించారు. పడమటి నుంచి వచ్చిన ఒక దండును రోజుకో చోటికి మార్చుతూ రేషన్ ఇవ్వకుండా తిప్పారు. మూడు రోజుల ఆకలి తర్వాత ఆ దండు దోపిడీకి దిగి చెదిరిపోయింది. ఆ సిపాయిలూ తిరుగుబాటులోకే చేరారు. కాబట్టి దీన్ని రైతుల తిరుగుబాటు అనేటప్పుడు ఒక్కటి గుర్తుంచుకోవాలి. గుంపు రైతులదే, వెన్నెముక మాత్రం జీతం అందని సిపాయిలూ కొలువు పోయిన అంచెవాళ్లూ.

పదేళ్ల పరుగు

1630 నుంచి 1640 దాకా నడిచింది గెలుపోటముల కథ కాదు, పరుగు కథ. మొదట సర్కారు లొంగుబాటు ఒప్పందాలు చేసుకుంది. చక్రవర్తి సహాయానికి లక్ష లియాంగ్‌లు ఇచ్చాడు, అవి కరువు నోటికి ఏమూలకూ రాలేదు. లొంగినవాడికి పొలం లేదు, విత్తనం లేదు, పాత బాకీ మాత్రం అలాగే ఉంది. డబ్బు అయిపోగానే మళ్లీ తిరగబడ్డాడు. అణచివేత మొదలయ్యాక దళాలు రాష్ట్రం నుంచి రాష్ట్రానికి జారిపోయాయి. 1633 డిసెంబరులో ఉత్తర గట్టున చిక్కుకుపోయిన దళాలు పచ్చనది (హ్వాంగ్‌హో) గడ్డకట్టగానే మంచు మీద నడిచి హెనాన్‌లోకి దాటాయి. 1635లో ఫెంగ్‌యాంగ్‌లో మింగ్ రాజుల పితృసమాధులను తగలబెట్టాయి.

అప్పటికి చువాంగ్ వాంగ్ బిరుదు గావ్ యింగ్‌షియాంగ్ అనే దళపతిది. చువాంగ్ అంటే దూసుకొచ్చేది, వాంగ్ అంటే రాజు. చువాంగ్ అనే చైనా అక్షరంలో ద్వారం లోపల గుర్రం బొమ్మ ఉంటుంది, అంచె గుర్రాల మనిషికి అంతకన్నా తగిన పేరు దొరకదు. 1636లో గావ్ పట్టుబడి బీజింగ్‌లో మరణశిక్షకు గురయ్యాక ఆ పేరు లీ జిచెంగ్‌కు వచ్చింది. 1638లో హోంగ్ చెంగ్‌చో, సున్ చువాన్‌టింగ్ అనే ఇద్దరు సమర్థ సేనానుల దాడికి అతని దళం నామరూపాల్లేకుండా పోయింది. కొద్దిమందితో షాంగ్‌లో కొండల్లో దాక్కున్నాడు. అక్కడితో కథ ముగియాల్సింది. అదే చలికాలం మంచూలు మళ్లీ గోడ దాటడంతో ఆ ఇద్దరు సేనానులనూ తూర్పుకు పిలిపించారు. మింగ్ రాజ్యం దగ్గర ఒక యుద్ధానికి సరిపడా సైన్యం ఉంది, రెండు యుద్ధాలకు లేదు. ఈ పదేళ్లలో తిరుగుబాటు బతికి బట్టకట్టిందంటే సగం కారణం అదే.

హెనాన్: మాట పుట్టిన చోటు

1640లో లీ జిచెంగ్ కొండ దిగి హెనాన్‌లో అడుగుపెట్టేసరికి అక్కడ ఏళ్ల తరబడి కరువు, దాని వెంట మిడతలు. మనుషులు మనుషులను తింటున్నారని ఆనాటి రాతలు చెబుతాయి. కొద్దిమందితో వచ్చినవాడి వెనుక నెలల్లోనే లక్షల మంది చేరారు. చదువుకున్నవాళ్లూ వచ్చారు. న్యూ జిన్‌షింగ్ రాష్ట్ర స్థాయి పరీక్ష నెగ్గినవాడు. జోస్యుడు సోంగ్ షియాన్‌సె, పద్దెనిమిదో కొడుకు రాజ్యమేలతాడని ఒక భవిష్యవాణి తెచ్చాడు. పది, ఎనిమిది, కొడుకు అనే అక్షరాలను ఒకదానిమీద ఒకటి పేరిస్తే లీ అనే ఇంటిపేరు అక్షరం అవుతుంది. భూములు సమం చేస్తాం, శిస్తు మాఫీ చేస్తాం అన్న నినాదం ఈ రోజుల్లోనే బయటికొచ్చింది. దాన్ని లీ యాన్ అనే పండితుడు ఇచ్చాడని పాత చరిత్రలు రాశాయి. అలాంటి మనిషి అసలు ఉన్నాడా అని ఆధునిక చరిత్రకారులు గట్టిగా అనుమానించారు కాబట్టి ఆ పేరు మీద ఏదీ కట్టకపోవడం మేలు.

మొదటి పెద్ద ఫలం లువోయాంగ్. అక్కడ ఫూ యువరాజు ఉండేవాడు, చోంగ్‌జెన్ చక్రవర్తికి పినతండ్రి వరస. అతనికి 20,000 చింగ్‌ల భూమి ఇనాముగా రాసిచ్చారు. చింగ్‌కు నూరు మూలు, అంటే 3 లక్షల ఎకరాలు దాటుతుంది. నగర కాపలా సిపాయిలకు జీతాల్లేవు. కొట్లు తెరిచి కొంత ఇమ్మని నగరంలోని మాజీ మంత్రి ఒకరు బతిమాలినా యువరాజు వినలేదు. 1641 మార్చి మొదట్లో ఆ సిపాయిలే తలుపు తెరిచారు. యువరాజును చంపి, అతని కొట్లలోని ధాన్యాన్నీ డబ్బునూ ఆకలిగొన్నవాళ్లకు పంచారు. శిస్తు తీసుకోని సైన్యం ఎలా నడుస్తుందో లువోయాంగ్ చూపించింది. కొట్టు నిండుగా ఉన్న ఒక నగరం దొరికితే సైన్యానికీ జనానికీ కొన్ని నెలలు గడుస్తుంది. తర్వాత ఇంకో నగరం కావాలి.

నగరాలు పట్టడంలో ఈ సైన్యానికి ఒక పద్ధతి ఉండేది, మింగ్ అధికారిక చరిత్ర దాన్ని వివరంగా రాసింది. చూడగానే తలుపు తెరిచిన ఊరిలో చంపడం, తగలబెట్టడం లేదు. ఒక రోజు ఎదిరిస్తే పదిమందిలో ముగ్గురిని, రెండు రోజులైతే ఏడుగురిని చంపుతారు. మూడు రోజులైతే ఎవరూ మిగలరు. ఇది శత్రువులు రాసిన లెక్క, అంత గణితంగా జరిగి ఉండదు. కానీ ఈ మాట ముందే ఊరూరా పాకడం వల్ల చాలా ఊళ్లు పోరాడకుండా లొంగాయి, ముట్టడి ఖర్చు మిగిలింది.

లొంగని గోడకు తవ్వకం. ఒక్కో సిపాయి వెళ్లి గోడ నుంచి ఒక ఇటుక ఊడదీసుకుని వెనక్కి రావాలి, అది అతని వంతు. ఇటుక పొర పోయాక లోపలి మట్టిలో కన్నం. మొదట ఒక మనిషి పట్టేంత, తర్వాత పదులు, వందల మంది పట్టేంత. తవ్విన మట్టిని చేతులు మారుస్తూ బయటికి పంపుతారు. మూడు నుంచి ఐదు అడుగులు వేసిన చోటల్లా ఒక మట్టి స్తంభాన్ని తవ్వకుండా వదిలి, దానికి లావుపాటి మోకు కడతారు. కన్నం పూర్తయ్యాక వేలమంది ఒక్క కేకతో మోకులు లాగితే స్తంభాలు విరిగి పైగోడ కూలుతుంది. ఫిరంగి లేని సైన్యానికి మనిషి బలమే ఫిరంగి.

కైఫెంగ్ దగ్గర ఈ విద్య పారలేదు. అది పాత సోంగ్ రాజధాని, తర్వాత జిన్ రాజులు మళ్లీ కట్టిన కోట. మట్టి గట్టిది, మందం బారల కొద్దీ. 1642 మొదట్లో రెండో ముట్టడిలో కన్నం నిండా తుపాకిమందు కూరి అంటించారు. గోడ పగలగానే దూకడానికి గుర్రపు దళం బయట సిద్ధంగా నిలబడి ఉంది. లోపలి వైపు గోడ చెక్కుచెదరకపోవడంతో పేలుడు బలమంతా బయటికి తన్నింది. ఇటుకలు, రాళ్లు వచ్చి సొంత గుర్రపు దళం మీదే పడ్డాయి. ఈ ముట్టడుల్లోనే ఒక బాణం లీ జిచెంగ్ ఎడమ కన్ను తీసింది. మూడోసారి గోడ జోలికి పోకుండా నెలల తరబడి చుట్టూ కూర్చున్నారు. లోపల తోళ్లు ఉడకబెట్టుకు తిన్నారు. 1642 అక్టోబరులో పచ్చనది కట్టలు తెగి నగరం మునిగింది. కట్ట తెంపింది నువ్వంటే నువ్వని ఇరుపక్షాలూ ఒకదాన్నొకటి నిందించాయి. చచ్చింది లక్షల మంది కైఫెంగ్ వాసులు. రాజ్యంలోనే అతి సంపన్నమైన నగరాల్లో ఒకటి ఎవరికీ పనికిరాకుండా పోయింది.

మింగ్ వైపు మిగిలిన గట్టి సేనాని సున్ చువాన్‌టింగ్. 1642 చివర్లో అతని సైన్యం జియా తాలూకా దగ్గర వానలో చిక్కి, రేషన్ బండ్లు రాక, తునికి జాతికి చెందిన పచ్చి పర్సిమన్ పండ్లు తిని నీరసించి ఓడింది. అందుకే ఆ పోరుకు పర్సిమన్ తోట యుద్ధమని పేరు. మరుసటి ఏడు అతను షాన్‌షీలో ఉండి బలం పుంజుకుంటానన్నా చక్రవర్తి ఆగనివ్వలేదు. 1643 శరదృతువులో మళ్లీ బయటికొచ్చాడు, మళ్లీ రోజుల తరబడి వాన, మళ్లీ రేషన్ తెగింది. తిండి కోసం వెనక్కి తిరిగిన దండు క్రమం తప్పి పరుగుగా మారింది, 40,000 మందికి పైగా పోయారు. టోంగ్‌గ్వాన్ కనుమ దగ్గర సున్ మరణించాడు. నవంబరులో షియాన్ నగరం లీ జిచెంగ్ చేతికొచ్చింది.

అక్రమార్జన కక్కించడం

1643లో షియాంగ్‌యాంగ్‌లో, ఆ తర్వాత షియాన్‌లో లీ జిచెంగ్ ప్రభుత్వం కట్టడం మొదలుపెట్టాడు. తనకు సమానులుగా ఉన్న దళపతులు లువో రుత్సాయ్ వంటివారిని చంపించాడు. మంత్రిత్వ శాఖలు పెట్టాడు, పరీక్షలు జరిపాడు, నాణేలు పోయించాడు. 1644 ఫిబ్రవరి 8న, చాంద్రమాన సంవత్సరాది నాడు, మహా షున్ రాజ్యాన్ని ప్రకటించాడు.

ఇప్పుడు పాట తిరిగి ఎదురొచ్చింది. మూడేళ్లు శిస్తు వసూలు లేదని షున్ ప్రభుత్వం ఊరూరా ప్రకటించింది. తాలూకాలకు అధికారులను పంపింది. వాళ్లకు జీతం కావాలి, లక్షల సైన్యానికి తిండి కావాలి. తిరిగే దళానికి కొట్టు తర్వాత కొట్టు దొరుకుతుంది, కుదురుకున్న రాజ్యానికి అలా కుదరదు. దీనికి వాళ్లు కనిపెట్టిన దారి చైనా భాషలో జుయ్ జాంగ్ జు షియాంగ్. అక్రమార్జన కక్కించి సైన్యం జీతాలకు జోడించడమని అర్థం. మింగ్ అధికారులను, భూస్వాములను పట్టుకుని, జనం దగ్గర మింగిన సొమ్ము తిరిగి ఇమ్మనడం.

న్యాయం దృష్టిలో దీన్ని తప్పుపట్టడం కష్టం. మింగ్ పెద్దలు మింగింది నిజమే. ఆర్థిక దృష్టిలో మాత్రం ఇందులో ఘోరమైన లోపం ఉంది. శిస్తు ప్రతి ఏడూ పండుతుంది, కక్కించిన వెండి ఒక్కసారే వస్తుంది. పైగా తాలూకాలో శిస్తు చిట్టాలు చదవగలిగేవాడు, కాలువ పని చూసేవాడు, ఊరికి పూచీ పడేవాడు ఆ భూస్వామి వర్గంవాడే. అతన్ని హింసించాక ఆ తాలూకాను ఎవరితో నడపాలి?

42 రోజులు

షియాన్ నుంచి బీజింగ్‌కు దారి షన్‌షీ గుండా. షాన్‌షీ పేరుకు దగ్గరగా ఉన్నా ఇది వేరే రాష్ట్రం. నింగ్‌వూ కనుమలో జౌ యూజీ ఒక్కడే ప్రాణాలకు తెగించి అడ్డుకున్నాడు. దాతోంగ్, షువాన్‌ఫూ కోటల సేనానులు, జూయోంగ్ కనుమ సేనాని వరుసగా తలుపులు తీశారు. వాళ్ల సిపాయిలకూ జీతాల్లేవు.

బీజింగ్ అంతకుముందే సగం చచ్చి ఉంది. 1643లో గడ్డలు లేచే మహమ్మారి నగరాన్ని ఊడ్చేసింది. గోడ మీద నిలబడేవాళ్లు చాలక, ఉన్నవాళ్లకు నెలలుగా జీతం లేక, వంట సామాను కూడా లేక అంగట్లో కొనుక్కు తినేవారు. చక్రవర్తి బంధువులను, అధికారులను చందాలు అడిగాడు. మామగారు జౌ క్వీ 10,000 లియాంగ్‌ల పైన ఇవ్వలేనన్నాడు. కూతురైన మహారాణి రహస్యంగా 5,000 పంపితే అందులోనూ 2,000 ఉంచుకున్నాడని ఆనాటి రాతలు. నగరమంతటి నుంచి వచ్చింది సుమారు 2 లక్షల లియాంగ్‌లు.

నగరం పడ్డాక అదే జౌ క్వీ ఇంట్లో దొరికిన వెండి 5 లక్షల లియాంగ్‌లకు పైనే అని చెబుతారు. కక్కించే పని ల్యూ జోంగ్‌మిన్‌ది, ఒకప్పుడు కమ్మరి, ఇప్పుడు మొదటి సేనాని. హోదాను బట్టి రేటు కట్టారు. మహామంత్రికి లక్ష, శాఖాధిపతులకు 70,000 నుంచి 30,000, తనిఖీ అధికారులకు 50,000 లేదా 30,000, హాన్‌లిన్ అనే రాజ విద్యాపీఠం పండితులకు 30,000 నుంచి 10,000, కిందివాళ్లకు వేలల్లో. ఇవ్వనివాడి కాళ్లను చెక్కల మధ్య బిగించి తాళ్లు లాగేవారు. అందుకోసం వేల సంఖ్యలో బిగింపు చెక్కలు చేయించారు.

ఈ రేట్లలోనే తప్పుంది. అవి కుర్చీని చూసి వేసినవి, ఆస్తిని చూసి కాదు. లంచం ముట్టనివాడికీ లంచగొండికీ ఒకే అంకె. ఇవ్వలేనివాడు చెక్కల మధ్య చచ్చాడు, ఇచ్చినవాడి దగ్గర ఇంకా ఉందని మళ్లీ బిగించారు. తర్వాత వ్యాపారుల ఇళ్ల మీదా పడ్డారు. మే నెల నడుమ లీ జిచెంగ్ ఖైదీలను విడిపించమన్నాడు గానీ అప్పటికి జరగాల్సింది జరిగిపోయింది. వచ్చిన వెండి 7 కోట్ల లియాంగ్‌లని ఒక అంకె ప్రచారంలో ఉంది, చరిత్రకారులు అంత నమ్మరు. ఎంతైనా దాన్ని కరిగించి దిమ్మలు పోసి కంచరగాడిదల మీద షియాన్‌కు పంపించారు. వెండిని రాజధానిలో ఉంచకుండా ఇంటికి తోలారంటే, బీజింగ్‌లో నిలబడే ఉద్దేశం వాళ్లకు ఎంత ఉందో అక్కడే తెలుస్తుంది.

ఈ వార్తలు షాన్‌హైగ్వాన్ చేరాయి. గోడ సముద్రాన్ని తాకే ఆ కోటలో వూ సాంగుయ్ ఉన్నాడు, మింగ్‌కు ఉత్తరాన మిగిలిన ఒకే ఒక్క పనికొచ్చే దండుతో. మొదట షున్‌కు లొంగడానికే బయల్దేరి దారిలో వెనక్కి తిరిగాడు. బీజింగ్‌లో ఉన్న అతని తండ్రి వూ షియాంగ్‌నూ వెండి కోసం పట్టుకున్నారు. చెన్ యువాన్‌యువాన్ సంగతి నిజమైనా కాకపోయినా, తండ్రికే భద్రత లేని చోట లొంగిన సేనానికి ఏం భద్రత అన్న లెక్క ఒక్కటే అతనికి చాలు. మంచూల రాజప్రతినిధి డోర్గోన్‌కు లేఖ రాశాడు.

మే 18న లీ జిచెంగ్ బయల్దేరాడు, వెంట 60,000 మందని కొందరు, లక్ష అని కొందరు. మే 27న షీ నది ఒడ్డున వూ దళంతో పోరు. షున్ సైన్యం కొండల నుంచి సముద్రం దాకా బారులు తీరింది. డోర్గోన్ అంతకు ముందురోజే చేరుకుని కూడా తన గుర్రాలను ఆపి ఉంచాడు. వూ సిపాయిలను ముందు పెట్టాడు, గుర్తుపట్టడానికి వాళ్ల భుజాలకు తెల్ల గుడ్డ కట్టించాడు. ఇరువైపులా అలిసే దాకా ఆగాడు. ఇసుక గాలి రేగి ఏమీ కనబడని వేళ మంచూ అశ్వదళం షున్ సేన మీద విరుచుకుపడింది. గాలి తగ్గి, ఎదురుగా ఉన్నది ఎవరో తెలిసేసరికి బారు విరిగింది. షున్ పక్షాన తప్పు ఎంత సాదాదో చూడండి. మంచూలు ఎక్కడున్నారో తెలుసుకోవడానికి ముందుగా ఎవరినీ పంపలేదు. అంచె గుర్రాల మీద పెరిగిన సైన్యానికి వేగు లేకపోయింది.

మే 31న బీజింగ్ చేరి, జూన్ 3న హడావిడిగా పట్టాభిషేకం చేసుకుని, మర్నాడు కోటకు నిప్పు పెట్టి లీ జిచెంగ్ పడమటికి వెళ్లిపోయాడు. ఆ వార్త తెలిసిన ఊళ్లలో భూస్వాములు షున్ అధికారులను చంపారు. షాన్‌డోంగ్‌లోని డెజౌ వంటి చోట్ల అది వారాల్లోనే ముగిసింది. ఒక్కో తాలూకాకు ఒక అధికారి, కొద్దిమంది సిపాయిలు, అంతకు మించి షున్ రాజ్యానికి వేళ్లు లేవు.

డోర్గోన్ చేసింది చూస్తే తేడా అర్థమవుతుంది. చోంగ్‌జెన్‌కు మూడు రోజుల సంతాపం ప్రకటించాడు. అధికారులను పాత కుర్చీల్లోనే కూర్చోబెట్టాడు. శిస్తు ఎత్తేయలేదు. మింగ్ వేసిన మూడు యుద్ధ పన్నులను మాత్రం రద్దు చేస్తున్నానని, అంతకు ముందటి రేటే ఉంటుందని 1644లోనే ప్రకటించాడు. ఆచరణలో కొంత తిరిగి వసూలైంది. అయినా రైతుకు తగ్గింపు, అధికారికి కొలువు, సిపాయికి ఏటేటా జీతం అన్న మూడూ ఆ ఒక్క ఉత్తర్వులో ఉన్నాయి. షున్ మాఫీ రైతుకు ఎక్కువే ఇచ్చింది, మిగతా ఇద్దరికీ ఏమీ మిగల్చలేదు. 1949 మార్చిలో షీబైపో అనే ఊరి నుంచి బీజింగ్‌కు బయల్దేరుతూ మనం లీ జిచెంగ్‌లం కాకూడదని మావో అన్నది క్రమశిక్షణ గురించి. ఖజానా గురించి కూడా అదే మాట అనవచ్చు.

1645 మొదట్లో టోంగ్‌గ్వాన్ పడింది, షియాన్ పోయింది. దక్షిణానికి దిగిన సైన్యం వూచాంగ్ దగ్గర చెదిరింది. ల్యూ జోంగ్‌మిన్ పట్టుబడి చనిపోయాడు. ఆ వేసవిలో హూబే రాష్ట్రం జ్యుగోంగ్ కొండల్లో లీ జిచెంగ్ సుమారు 20 మందితో తిండి గింజల కోసం ఊళ్ల మీదికి వెళ్లాడని, ఊరివాళ్లు చుట్టుముట్టారని మింగ్ చరిత్ర రాసింది. వాళ్లు చంపారని ఒకరు, తనే ఉరి వేసుకున్నాడని ఒకరు. మంచూ సేనాని మనుషులను పంపేసరికి శవం గుర్తుపట్టలేనంతగా కుళ్లిపోయింది. సన్యాసిగా మారి బతికాడన్న కథలు అందుకే పుట్టాయి.

మిగిలిన దళాలు మింగ్ వారసులతో చేతులు కలిపాయి. శత్రువు శత్రువు మిత్రుడైన సందర్భం. చివరికి హూబే, సిచువాన్ సరిహద్దు కొండల్లో స్థిరపడ్డాయి. అక్కడ దోచుకోవడానికి కొట్లు లేవు, కక్కించడానికి పెద్దలు లేరు. సిపాయిలే కొండ వాలులు కొట్టి పంటలు వేసుకున్నారు. అలా ఏళ్ల తరబడి నిలిచారు. 1664లో మావ్‌లూ కొండ చుట్టూ మంచూ సైన్యం కంచె బిగించాక, లీ జిచెంగ్ అన్న కొడుకు దత్తపుత్రుడు లీ లైహెంగ్ ఇంటికి నిప్పు పెట్టుకుని కుటుంబంతో పాటు కాలిపోయాడు.